నిమజ్జనంలో పోయిన గొలుసు

జ్ఞానప్రసూనని జార్జియాలోని అల్ఫారెట్టాలో ఎవరూ దొంగ అనలేదు. అంటే బాగుండేది. అన్నవాళ్ళతో పోట్లాడవచ్చు, నలుగురిలో నిలబెట్టి కడిగేయవచ్చు, కనీసం గట్టిగా ఏడవవచ్చు. మనవాళ్ళు అంత మోటుగా ఉండరు. అందరూ చదువుకున్నవాళ్ళు, పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. అందుకే ఆ సెప్టెంబర్‌లో, వినాయక నిమజ్జనం అయిన రెండు రోజులకి, రేణు ఫోన్ చేసి ఎంతో మర్యాదగా అడిగింది.

“ఆంటీ, ఏమీ అనుకోకండి. నా కెంపుల లాకెట్ గొలుసు కనిపించట్లేదు. పొరపాటున మీ బ్యాగ్‌లో గానీ పడిందేమో, ఒక్కసారి చెక్ చేస్తారా?”

గొలుసులకి కాళ్ళుండవు. లేచి నడిచివెళ్ళి పరాయివాళ్ళ సంచీల్లో దూకవు. ఆ సంగతి రేణుకీ తెలుసు, ప్రసూనకీ తెలుసు. అయినా ప్రసూన సంచీ తెచ్చి మంచం మీద గుమ్మరించింది. నూనె మరకపడ్డ చీర, చిల్లుల గరిటె, మిగిలిన ఇంగువ డబ్బా, కళ్ళజోడు. సంచీ మూలల్లోకి వేళ్ళు పోనిచ్చి తడిమింది కూడా. అలా ఎందుకు తడిమానని తర్వాత చాలాసార్లు తన మీద తనకే కోపం వచ్చింది.

“లేదమ్మా రేణూ.”

“ఇట్స్ ఓకే ఆంటీ. ఊరికే అడిగాను,” అంది రేణు.

ప్రసూనకి అరవై దగ్గర పడుతున్నాయి. భర్త ఫార్మసీలో పనిచేసేవాడు, గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఆయన పోయాక అపార్ట్‌మెంట్‌లో నాలుగు గోడల్నీ చూస్తూ కూర్చోలేక, ఎవరో అడిగితే వ్రతానికి ప్రసాదం చేసిపెట్టింది. ఆ ప్రసాదం తిన్నవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. చూస్తూండగా అల్ఫారెట్టాలో తెలుగువాళ్ళ ఇంట పూజంటే ప్రసూనాంటీ వంటే అన్నట్టయింది. సీమంతాలకి ఆవిడే, అన్నప్రాశనలకి ఆవిడే. పిల్లలకి జ్వరం వస్తే చారు కాచి తీసుకెళ్ళేది ఆవిడే. ఆవిడకి ఊళ్ళో ఉన్న చుట్టరికమంతా ఆ వంట తెచ్చిపెట్టిందే. ఆ చుట్టరికం నిలబడేది నమ్మకం మీద. అది పోతే మిగిలేవి మళ్ళీ ఆ నాలుగు గోడలే.

జరిగింది చాలా చిన్న సంగతి. చవితి నాడు రేణు మట్టి వినాయకుడి మెడలో తన గొలుసులు రెండు వేసింది. వాటి మీద బంతిపూల దండలు, గరిక. ఉద్వాసన చెప్పాక గొలుసులు తీసేశామనుకుని, దండలు అలాగే ఉంచి, విగ్రహాన్ని లేక్ లేనియర్‌కి తీసుకెళ్ళారు. ప్రసూన వాళ్ళతో వెళ్ళలేదు. గారెలు వేయిస్తుంటే చీర మీద నూనె ఒలికిందని, రేణు వాళ్ళ పడకగదిలోకి వెళ్ళి వేరే చీర కట్టుకుని వచ్చి, గిన్నెలు సర్దుకుంటోంది. రేణు భర్త దామోదర్ విగ్రహాన్ని రెండు చేతులా ఎత్తుకుని గరాజ్‌లోకి పోతూంటే, బంతిపూల సందున పచ్చగా ఏదో తళుక్కుమంది. బొమ్మకి పూసిన బంగారు రంగనుకుంది. రేణు ఫోన్ పెట్టేసిన తర్వాత గానీ ఆ మెరుపేమిటో ఆవిడ బుర్రకి తట్టలేదు.

వెంటనే తిరిగి ఫోన్ చేసింది. “అమ్మా, ఒక గొలుసు వినాయకుడి మెళ్ళోనే ఉండిపోయింది. నా కళ్ళారా చూశాను.”

“లేదాంటీ, రెండూ నేనే తీశాను. తీసి డ్రెస్సర్ మీద పెట్టాను. నాకు బాగా గుర్తు,” అంది రేణు. డ్రెస్సర్ ఉండేది ప్రసూన చీర మార్చుకున్న ఆ పడకగదిలోనే. ఆ మాట మాత్రం రేణు అనలేదు. అంత మర్యాదస్తురాలు.

దసరాకి పిలుపు రాలేదు. దీపావళికీ రాలేదు. కార్తీక వనభోజనాలకి ప్రతి ఏడూ పులిహోర కలిపేది ప్రసూనే. ఈసారి ఆ భోజనాల ఏర్పాట్లు చూసే పద్మజ ఫోన్ చేసి, “అందరం తలో వంటకం తెచ్చుకునేలా పాట్‌లక్ అనుకున్నామాంటీ, మీరెందుకు శ్రమపడటం,” అంది. గుడి వంటింట్లో ప్రసాదం చేస్తూంటే, ఎప్పుడూ కబుర్లు చెప్పే ఆడవాళ్ళు చేతిసంచులు భుజాలకే తగిలించుకుని పనిచేశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనని మాటకి జవాబు ఎలా చెప్పాలో ప్రసూనకి తెలియలేదు.

ఆ ఏడు, అంటే రెండువేల ఏడులో, జార్జియాలో వానలు కురవలేదు. డిసెంబర్‌కి లేనియర్ సరస్సు ఎంత లోతుకి దిగిపోయిందో టీవీలో రోజూ చూపించేవాళ్ళు. పడవలు కట్టుకునే డాక్‌లు నీళ్ళు లేక ఎర్రమట్టి మీద ఒక పక్కకి ఒరిగి పడున్నాయి. మొదట్లో ప్రసూన కూడా ఊరందరిలాగే అయ్యో అనుకుంది. ఒకరోజు చేతిలో కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. దామోదర్ నడుములోతు నీళ్ళలో విగ్రహాన్ని వదిలాడు. ఆ నీళ్ళు ఇప్పుడు లేవు. మట్టి బొమ్మ కరిగిపోయి ఉంటుంది. బంగారం కరగదు.

మర్నాడే తాకట్టు కొట్టుకి వెళ్ళి, ఎవరో అమ్ముకున్న పాత మెటల్ డిటెక్టర్ ఒకటి తెచ్చుకుంది. కొట్టువాడు దాన్ని ఎలా పట్టుకోవాలో చూపించాడు. చివరనున్న పళ్ళెం నేలకి తగలకూడదు, ఎత్తుగానూ ఉండకూడదు, ముగ్గు గీసినట్టు వరస వదలకుండా నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. ఇనుము ఒకలా మోగుతుంది, వెండి ఒకలా మోగుతుంది. బంగారానికీ, కోక్ డబ్బా తెరవడానికి పట్టుకు లాగే రింగుకీ మాత్రం మోత ఇంచుమించు ఒకటే అన్నాడు. రింగే కదా అని వదిలేస్తే ఉంగరం పోతుందట.

ఎక్కడ వెతకాలో రేణు పంపిన ఫొటోలే చెప్పాయి. గొలుసు సంగతి బయటపడకముందు అందరికీ ఈమెయిల్‌లో పంపింది. నీళ్ళలో దామోదర్, నెత్తి మీద వినాయకుడు, వెనకాల ఆకుపచ్చ రేకుల డాక్. ఆ డాక్ ఇప్పుడు నేల మీద కూలబడి ఉంది. వేసవిలో పిల్లలు ఆడుకునే ఇసక అక్కడితో ఆగిపోయి, దాని కింద ఎర్రటి బంకమట్టి, పగుళ్ళు తేలి, నీళ్ళున్న చోటుదాకా సాగింది. పొద్దున్నే మంచుకి ఆ మట్టి పైపొర పెళపెళలాడేది. మనుషులెవరూ లేరు. చలి కోటు లోపలికి దూరి మోకాళ్ళని పట్టుకునేది.

ప్రసూన రోజూ వెళ్ళింది. మోగిన చోటల్లా వంగి తోటపని పారతో తవ్వింది. రింగులు, బీరు సీసా మూతలు, చేపల గాలాలు, సీసపు గుళ్ళు, ఒక బొమ్మ కారు. ప్రతి మోతకీ ఇదేననుకునేది, ప్రతిసారీ ఒక రింగు చేతికొచ్చేది. వంగి లేవడానికి నడుము సహకరించక, చివరికి మోకాళ్ళ మీదే దేకుతూ తవ్వడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్ళి ఎర్రమట్టి పట్టిన చీర కుచ్చిళ్ళు ఉతుక్కుంటూంటే ఆవిడకి ఏడుపొచ్చేది. దేవుడా, నా చేత వండించుకు తిన్నావు, నీ మెడలో ఉన్నది నాకు చూపించడానికి నీకేం అడ్డం, అని గట్టిగానే అడిగేది. అడిగినా వినేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ఒక గురువారం పొద్దున్న, డాక్‌కి ఎడంపక్క, ఎప్పుడూ వినని మోత వినిపించింది. తవ్వితే ఒక బిళ్ళ. కోటుకి తుడిచి చూసింది. రూపాయి. మూడు సింహాల బొమ్మ, వెనక తిప్పితే ఒకటి అంకె. జార్జియా సరస్సు అడుగున మన రూపాయి. మట్టి వినాయకుడి బొడ్డులో రూపాయి బిళ్ళ అద్దడం దామోదర్ వాళ్ళింటి ఆనవాయితీ. ఆ చవితి నాడు ఆ బిళ్ళని పసుపునీళ్ళతో కడిగి పళ్ళెంలో పెట్టింది ప్రసూనే. ఆ చుట్టుపక్కల డిటెక్టర్‌ని మరీ నెమ్మదిగా తిప్పింది. రెండు బారల దూరంలో మళ్ళీ మోగింది. ఈసారి మోత రింగుదే. వదలకుండా తవ్వింది.

ముందు లాకెట్ వచ్చింది, ఎర్రమట్టి ముద్దలాగా. దాని వెనకే గొలుసు, జానెడు జానెడు చొప్పున. ప్రసూన ఆ బురదలోనే చతికిలబడి దాన్ని గుండెకి అదుముకుని భోరుమంది. ఎవరూ లేరు చూడటానికి. అప్పుడావిడకి ఆ సంగతి తట్టలేదు. మూడు నెలలుగా గుండె మీద ఉన్న బరువు దిగిపోయిందనే అనుకుంది.

ఇంటికి వెళ్ళి ఏం చేసిందో వేరే చెప్పాలా? నగ మట్టి కొట్టుకుపోయి కనిపిస్తే మన ఆడవాళ్ళు ఎవరైనా ఏం చేస్తారో అదే చేసింది. నాలుగు కుంకుడుకాయలు చితగ్గొట్టి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ రసంలో గొలుసు వేసి, పాత బ్రష్‌తో కెంపుల మధ్య సందులూ, కొక్కెం మెలికలూ, లాకెట్ వెనక చెక్కడమూ ఒక్కొక్కటీ తోమింది. దేవుడి మెడలోంచి వచ్చిన వస్తువు, మట్టితో అప్పగించకూడదు. మెత్తటి బట్టతో ఒత్తి, దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. అప్పుడు ఫోన్ తీసి రేణు నంబర్ నొక్కబోయి, ఆగిపోయింది.

ఏం చెప్పాలి? అమ్మా, నీ గొలుసు దొరికింది, నా దగ్గరే ఉంది. ఆ మాట తన చెవులకే ఎలా వినిపించిందో తెలియగానే ఫోన్ పక్కన పెట్టేసింది. ఎక్కడ దొరికింది? సరస్సులో. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. అప్పటికి మూడు నెలలుగా ఊరంతా అనుకుంటున్నదేమిటి? గొలుసు ప్రసూనాంటీ దగ్గర ఉందని. ఇప్పుడు ఉందిగా. ఫొటో తీసుకుని ఉంటేనో? ఫొటోలో గొలుసూ కనిపిస్తుంది, బురదా కనిపిస్తుంది, ఆ బురదలో దాన్ని ఎవరు పెట్టారో కనిపించదు. రాత్రంతా అటూ ఇటూ తిరిగి, తెల్లారేసరికి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. గొలుసు దొరికిన చోటే మళ్ళీ దొరకాలి. వాళ్ళ కళ్ళముందు, వాళ్ళ చేతులకే దొరకాలి.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి, తవ్విన గోతిలోనే గొలుసు పెట్టి, మట్టి కప్పి, పాదంతో అదిమి, చుట్టూ ఉన్న మట్టిలో కలిసిపోయేలా చదును చేసింది. ఇది మోసమేనా అని మనసు అడిగింది. నిజాన్ని దాని చోట పెట్టడం మోసమెలా అవుతుందని తనే జవాబు చెప్పుకుంది. అక్కణ్ణుంచే రేణుకి ఫోన్ చేసింది.

“రేణూ, నేనొక మెటల్ డిటెక్టర్ కొన్నానమ్మా. నీళ్ళు బాగా తగ్గాయి కదా. మీరొచ్చి బొమ్మని ఎక్కడ వదిలారో చూపిస్తే, అందరం కలిసి వెతుకుదాం. నా మనశ్శాంతి కోసం ఒక్కసారి రండి.”

అవతల ఫోన్ చేత్తో మూసి దామోదర్‌తో ఏదో అన్నట్టుంది. “సరే ఆంటీ. రేపు సాటర్‌డే కదా, వస్తాం,” అంది చివరికి.

వచ్చారు. తొమ్మిదేళ్ళ కూతురు స్మృతిని కూడా తీసుకొచ్చారు. ఆ పిల్ల డిటెక్టర్ చూసి గంతులు వేసింది. “ఆంటీ, ఇది నిజంగా బీప్ చేస్తదా? నాకు ట్రై చెయ్యాలి.” ప్రసూన ఇచ్చింది. చోటు ఎక్కడో దామోదర్ సరిగ్గానే గుర్తుపట్టాడు. డాక్‌కి ఎడంపక్కకి వెళ్ళి, “ఇక్కడే ఎక్కడో ఆంటీ,” అన్నాడు. ఆ మాటకి ప్రసూన ప్రాణం లేచివచ్చింది. కాసేపు స్మృతి తిప్పింది, తర్వాత ప్రసూన తీసుకుంది. రెండు రింగులు వచ్చాయి. దామోదర్ నవ్వుతూ వాటిని జేబులో వేసుకున్నాడు. చలికి చేతులు రుద్దుకుంటూ రేణు, “పోనీ ఆంటీ, పాపం మీకెందుకీ శ్రమ,” అంటూండగా మిషన్ మోగింది.

“ఇక్కడ తవ్వు బాబూ,” అంది ప్రసూన.

దామోదర్ తవ్వాడు. గొలుసు పార కొసకి తగులుకుని పైకి లేచింది.

“మమ్మీ, దొరికింది,” అని స్మృతి ఎగిరింది. రేణు నోటి మీద చెయ్యి వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా ముందుకొచ్చి ప్రసూనని కావలించుకుంది. “ఆంటీ, ఐ యామ్ సో సారీ. నేనే తీయడం మర్చిపోయానన్నమాట. మిమ్మల్ని ఎంత...” ప్రసూన రేణు వీపు నిమిరింది. మూడు నెలల తర్వాత ఒక మనిషి ఆవిడని తాకింది. ఇంక చచ్చిపోయినా ఫరవాలేదనిపించింది.

రేణు కళ్ళు తుడుచుకుని, నీళ్ళ సీసా మూత తీసి, గొలుసు మీద పోసింది. మట్టి ఒక్కసారిగా జారిపోయింది. కెంపులు నిగనిగలాడాయి. వాటి మధ్య సందుల్లో కూడా మట్టి చార లేదు. రేణు లాకెట్ వెనక్కి తిప్పింది. సన్నటి చెక్కడమంతా కొట్లో కొన్ననాటిలా తళతళలాడుతోంది. కొక్కెం మెలికలోకి గోరు పోనిచ్చి చూసింది. దామోదర్ చేతికి ఇచ్చింది. అతను ఒక్కొక్క మెలికా పరీక్షగా చూశాడు. అతను ఇంజనీరు.

“మూడు నెలలు ఈ బంకమట్టిలో ఉందంటే లోపలంతా పట్టేసి ఉండాలి కదా ఆంటీ,” అన్నాడు మెల్లిగా. “ఇది ఎవరో కడిగినట్టుంది.”

ప్రసూన ఒక అడుగు ముందుకేసింది. “కడిగింది నేనే బాబూ. మొన్న ఇక్కడే దొరికింది. ఇంటికి తీసుకెళ్ళి కుంకుడు రసంతో కడిగాను. నా దగ్గర ఉందంటే మీరు నమ్మరని... మళ్ళీ తెచ్చి ఇక్కడే పెట్టాను. దొరికిన చోటే పెట్టాను.” చెబుతూండగానే ఆ మాటలు ఎదుటివాళ్ళకి ఎలా వినిపిస్తున్నాయో ఆవిడకి తెలిసిపోయింది. అయినా ఆపలేకపోయింది. కోటు జేబులోంచి రూపాయి తీసింది. “ఇదిగో, బొడ్డులో పెట్టిన బిళ్ళ. ఇది కూడా ఇక్కడే దొరికింది. చూడు బాబూ.”

దామోదర్ బిళ్ళని చేత్తో ముట్టుకోలేదు. “రూపాయి ఎవరింట్లోనైనా ఉంటుంది కదా ఆంటీ,” అన్నాడు. ఆ అనడంలో కోపం ఏమీ లేదు.

“మమ్మీ, ఆంటీ తీసుకుందా?” అని అడిగింది స్మృతి.

“లేదు నాన్నా. ఆంటీకి దొరికింది,” అంది రేణు, చిన్నపిల్లలకి చెప్పే గొంతుతో. తర్వాత ప్రసూన వైపు తిరిగింది. మొహంలో అసహ్యం లేదు. జాలి ఉంది. “ఇంక ఏమీ చెప్పకండి ఆంటీ. ఒంటరిగా ఉంటారు, ఏదో ఒక క్షణంలో... నేను అర్థం చేసుకోగలను. తెచ్చి ఇచ్చేశారు, అది చాలు. దీని గురించి మేము ఎవరికీ చెప్పం.”

“పోలీసుల్ని పిలవమ్మా,” అంది ప్రసూన. “నన్ను తిట్టు. ఏమైనా చెయ్యి. క్షమించకు. క్షమించడానికి నేనేమీ చెయ్యలేదు.”

“అలా అనకండి ఆంటీ, ప్లీజ్,” అని రేణు మళ్ళీ ఆవిడని దగ్గరికి తీసుకుంది. ఈసారి ఒక్క చేత్తోనే. రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌ని పొట్టకి అదిమిపట్టుకుంది. వాళ్ళ కారు వెళ్ళిపోయిన చాలాసేపటి దాకా ప్రసూన ఆ గొయ్యి పక్కనే నిలబడింది. తర్వాత, అలా వదిలేస్తే పిల్లలెవరైనా కాలు మడతపడి పడిపోతారని, దాన్ని పూడ్చింది.

ఎవరికీ చెప్పం అన్నారు కనక నెల తిరిగేసరికి అందరికీ తెలిసిపోయింది. చిత్రమేమిటంటే ఊరు ఆవిడని వెలివేయలేదు. అందరూ మరీ మంచివాళ్ళయిపోయారు. పద్మజ తనంతట తానే ఫోన్ చేసి ఆరోగ్యం అడిగింది. ఇంకెవరో కౌన్సెలింగ్ ఇచ్చే డాక్టర్ పేరు చెప్పారు. ఉగాదికి రేణు పిలిచింది. “బొబ్బట్లు మీరు చేస్తేనే ఆంటీ. పాతవన్నీ మర్చిపోదాం.”

వెళ్ళకపోతే తప్పు ఒప్పుకున్నట్టు. వెళ్తే క్షమాపణ పుచ్చుకున్నట్టు. ప్రసూన రెండూ ఆలోచించి, పిండి కలుపుకుని వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే ఇంకొకసారి పిలుస్తారన్న నమ్మకం లేదు. రేణు పొద్దుటి నుంచీ వంటింట్లోంచి కదల్లేదు. పూర్ణం ఎలా కుదిరిందో అడుగుతూ, స్టవ్ పక్కనే స్టూల్ వేసుకుని కూర్చుంది. బొబ్బట్లు సగం అయ్యాక ప్రసూన చేతులు కడుక్కుని బాత్రూమ్‌కి వెళ్ళబోతే, “స్మృతీ, ఆంటీకి బాత్రూమ్ చూపించు,” అని కేకేసింది.

ఆ ఇంటి గృహప్రవేశానికి పాలు పొంగించింది ప్రసూనే. బాత్రూమ్ ఎక్కడుందో ఆవిడకి తెలియక కాదు. స్మృతి ముందు నడిచి, తలుపు తీసి, లైట్ వేసి, గోడకి ఆనుకుని నిలబడింది. ప్రసూన లోపలికి వెళ్ళి, కొళాయి తిప్పి, మొహం కడుక్కుని, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తలుపు తీసేసరికి స్మృతి అక్కడే ఉంది.

“నువ్వు వెళ్ళి ఆడుకో తల్లీ. నాకు దారి తెలుసు,” అంది.

“ఇట్స్ ఓకే ఆంటీ,” అంది స్మృతి. “మమ్మీ నన్ను ఇక్కడే ఉండమంది.”